ఈశాన్యం గుంత

2013 ఏప్రిల్ 9

కోదాడ నుంచి సిద్ధాంతి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పకముందే తల అడ్డంగా ఆడించడం మొదలుపెట్టాడు. దిక్సూచి తీసి హాల్లో బండల మీద పెట్టి చూశాడు. గదులన్నీ తిరిగి పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాడు.

"విశ్వేశ్వర్ గారూ, మీ ఈశాన్యం బరువుగా ఉందండీ. నీళ్ళుండాల్సిన మూల అది. మీరేమో మట్టి పోసి ఎత్తు చేసేశారు. ఇక ఇంటి ఇల్లాలికి ఆరోగ్యం ఎలా ఉంటుందో మీరే చెప్పండి" అన్నాడు.

హైమ జబ్బు సంగతి నేను ఆయనకు ముందే ఫోన్లో చెప్పాను. అయినా ఆ మాట వినగానే చేతులు జోడించాను.

హైదరాబాద్ డాక్టరు గుండె పెద్దదైందన్నాడు. ఒంట్లో నీరు చేరుతోంది, ఉప్పు తగ్గించండి, మంచినీళ్ళు కూడా కొలిచి తాగించండి అన్నాడు. నయమవుతుందా అని అడిగితే "చూద్దాం" అన్నాడు. ఇన్నేళ్ళుగా మిల్లు నడుపుతున్నాను. గింజ పంటి కింద వేసి కొరికితే చాలు, వడ్లలో తేమ ఎంతుందో చెప్పేస్తాను. ఏ రైతుకూ నేను "చూద్దాం" అని చెప్పి పంపలేదు. సిద్ధాంతి కూడా ఆ మాట అనలేదు. ఈశాన్యంలో కొలను తవ్వించండి, అది నిండేసరికి అమ్మగారు లేచి తిరుగుతారు అన్నాడు.

పోతూ పోతూ ఇంకో మాట అన్నాడు. "మీకు సంతానం లేకపోవడానికి కూడా ఇదే కారణమండీ." హైమ వింటుందేమోనని చూశాను. విన్నది.

ఏప్రిల్ 10

హైమకు చెప్పాను. మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. పాదాలు ఉబ్బి మట్టెలు పట్టేస్తుంటే నాంచారమ్మ సబ్బు రాసి తీసింది. నాంచారమ్మ మా ఇంట్లో పనిచేయబట్టి చాలా ఏళ్ళయింది. నాకు భయపడదు, హైమకు భయపడుతుంది.

"డాక్టరు నా ఒంట్లకెళ్ళి నీళ్ళు తియ్యాలంటున్నడు. మీరేమో ఇంట్లకు నీళ్ళు తెస్తనంటున్నరు" అని నవ్వింది హైమ.

నవ్వితే ఆయాసం వస్తోంది. నాకు ఆ ఆయాసం మీద కోపం వచ్చింది. నమ్మి చెడినవాడు లేడు, తెలుసా అని గట్టిగా అన్నాను.

"గయ్యిమనకుండ్రి. తవ్వుకోండ్రి. నాకు గోలీలు, మీకు గుంత. ఇద్దరికీ ఓ మందుండాలె గద."

గుంత కాదు, కొలను అన్నాను.

ఏప్రిల్ 21

సిద్ధాంతి కొలతలు వేసి ముగ్గు పోశాడు. మాది పడమటి ముఖం ఇల్లు. పెరడు వెనకాల తూర్పున. ఈశాన్యం అంటే సరిగ్గా వెనక గది గోడ పక్కన. గోడకు మూడడుగులు వదిలితే చాలన్నాడు. తవ్విన మట్టి ఎక్కడ పడితే అక్కడ పోయకూడదు, ఇంటి ముందు నైరుతి మూలలో గుట్టగా పోయాలి. నైరుతి ఎత్తు, ఈశాన్యం పల్లం. మా నీళ్ళన్నీ ఇన్నాళ్ళూ ఆ నైరుతి మూల మోరీలోంచే రోడ్డు మీదికి పోతున్నాయి. ఐశ్వర్యం, ఆరోగ్యం కూడా వాటితోపాటే పోతున్నాయట. మోరీ మూయించమన్నాడు. వానకు పడిన ప్రతి చుక్కా ఇంటి పక్క నుంచి ఈశాన్యానికి పారాలి.

హైమ మంచం వెనక గదిలోకి మార్చాలి. నీళ్ళ మీద గాలి ఆమెకు తగలాలి. కొలను నిండేదాకా ఊరు దాటకూడదు.

అన్నీ ఒప్పుకున్నాను. ఒప్పుకుంటే పోయేదేముంది?

మే 3

ప్రహరీ గోడ కొంత పగలగొట్టించి జేసీబీని లోపలికి తెచ్చాం. డ్రైవర్ గేమ్యా హుషారైన మనిషి. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, బకెట్‌కు పసుపు పూసి, కొబ్బరికాయ కొట్టాడు. మొదటి మట్టి ఇల్లాలే తీయాలి కనుక హైమను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకొచ్చాం. గడ్డపార ఎత్తలేకపోయింది. చేత్తోనే ఇంత మన్ను తీసి తట్టలో వేసింది. ఆ చిన్న పనికే నుదుటి మీద చెమట పట్టింది.

ఆమెను మళ్ళీ లోపలికి చేర్చాం. గేమ్యా బకెట్ దించగానే ఇల్లంతా ఒక్కసారి ఒణికింది. వంటింట్లో అలమర మీది గ్లాసులు గలగలమన్నాయి.

"మంచం కిందికెళ్ళి రైలు పోతున్నట్టున్నది" అన్నది హైమ లోపలి నుంచి.

మిషన్ అన్నాక ఆ మాత్రం ఉంటుంది. గోడ దగ్గర కొంచెం చూసుకుని తవ్వమని గేమ్యాకు చెప్పాను.

"ఏం గాదు సేట్. గీ ఇల్లు పక్కా ఇల్లు. ఎంత తియ్యమంటె అంత తీస్త" అన్నాడు వాడు పాటలు పెద్దగా పెట్టుకుంటూ.

మే 4

నల్లరేగడి అయిపోయి తెల్ల సుద్ద తగిలింది. సిద్ధాంతికి ఫోన్ చేశాను. తెలుపు శుభం అన్నాడు.

మే 7

తవ్వడం అయిపోయింది. పైనుంచి చూస్తే లోతు చాలా ఉంది. నైరుతి మూలలో మట్టి గుట్ట మా కిటికీ అంత ఎత్తు లేచింది. వీధిలో వాళ్ళు ఆగి ఆగి చూస్తున్నారు. ఎదురింటి నాగరాణి "ఈత కొట్టెతందుకా సేట్?" అని అడిగింది. నవ్వేవాళ్ళని నవ్వనీ.

మే 9

వెనక గది గోడ మీద వెంట్రుక మందాన ఒక బీట కనిపించింది. ఎండలకు సున్నం పగిలి ఉంటుంది.

మే 20

వెనక గది తలుపు పట్టేస్తోంది. చెక్క ఉబ్బినట్టుంది. వడ్రంగిని పిలిపించి చిత్రిక పట్టించాను. వానల్లో ఉబ్బాల్సిన చెక్క మే నెలలో ఎట్ల ఉబ్బుతుంది అని వాడొక తెలివైన ప్రశ్న వేశాడు. నీకెందుకు, పట్టమన్న చోట పట్టు అన్నాను.

జూన్ 12

ఈ రోజు తారీఖు కింద గీత గీసి పెట్టుకుంటున్నాను.

మధ్యాహ్నం దంచి కొట్టింది వాన. ఇంటి పక్క నుంచి నీళ్ళు వాగులా పారి కొలనులో దూకాయి. సిద్ధాంతి చెప్పినట్టే ఒక్క చుక్క కూడా రోడ్డు మీదికి పోలేదు. గొడుగు కూడా వేసుకోకుండా గట్టున నిలబడ్డాను. పసుపు కుంకుమ చల్లి గంగమ్మకు దండం పెట్టుకున్నాను.

లోపలికి వస్తే హైమ మట్టెలు తొడుక్కుంటోంది. తొడుక్కోగలుగుతోంది! పాదాల మీద వాపు తీసింది. బొటనవేలితో నొక్కి చూశాను, గుంట పడలేదు. కిందటి వారం డాక్టరు ఫోన్లో మాత్ర మార్చాడు, నిజమే. కానీ మాత్రలు అంతకుముందు కూడా వేసుకుంది కదా? అప్పుడు తగ్గలేదేం?

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హైమ నా మొహం వంక చూసి, "ఎన్ని దినాలైంది మీరు గిట్ల నవ్వక" అన్నది.

జూన్ 25

మిల్లులో మోటారు కాలిపోయి పగలే ఇంటికి వచ్చాను. ముందు హాల్లో ఫ్యాను తిరుగుతోంది, మనిషి లేదు. నాంచారమ్మ చాప చుడుతూ కనిపించింది. కునుకు తీశానంది. పగటిపూట ఫ్యానేసుకుని కునుకేమిటని తిట్టాను. తలొంచుకుని నవ్వుకుంటూ పోయింది. హైమ తన గదిలోనే ఉంది, ఆయాసపడుతోంది. మంచం మీద ఉన్న మనిషికి అంత ఆయాసమెందుకని అడిగితే, ఊరికే లేచి కూర్చున్న, గంతే అన్నది.

జూలై 14

బీటలో చిటికెన వేలు పడుతోంది. సిమెంట్ పెట్టించి పైన దేవుడి క్యాలెండర్ తగిలించాను.

సిద్ధాంతిని పిలిపించి చూపించాను. క్యాలెండర్ ఎత్తి చూశాడు. బయటికి వెళ్ళి గోడను ఓరగా చూశాడు.

"ఇల్లు ఈశాన్యానికి ఒరుగుతోందండీ" అన్నాడు చివరికి. "ఒరగాల్సిన వైపే ఒరుగుతోంది. నైరుతికి ఒరిగితే భయపడాలి గానీ, ఇది ఉత్తమం."

ఊపిరి పీల్చుకున్నాను. ఆయన్ని కోదాడ బస్సు ఎక్కించి వచ్చి హైమకు ఈ మాట చెప్పాను.

"ఇల్లు పడిపోతున్నదని గింత సల్లగ చెప్పినోన్ని నేన్జూడలే" అన్నది.

జూలై 30

తెలంగాణ ఇచ్చేశారట. మిల్లులో హమాలీలు నాకు గులాలు పూశారు. ఇంటికి లడ్డూలు తెచ్చాను. హైమ ఒకటి తిని నీళ్ళు అడిగింది. కొలిచి ఇచ్చాను. ఇంకొంచెం అడిగింది. ఇవ్వలేదు.

ఆగస్టు 15

సూర్యాపేట నుంచి హైమ తమ్ముడు శ్రీనాథ్ వచ్చాడు. కారు దిగి అక్కను కూడా పలకరించకుండా నేరుగా పెరట్లోకి పోయాడు. నాంచారమ్మ ఫోన్ చేసి ఉంటుంది.

కొలను నిండా నీళ్ళున్నాయి. గోడ వైపు గట్టు కొంత జారింది. వానాకాలంలో గట్లు జారవా?

"బావా, గిదేం పని? వాన నీళ్ళన్నీ పునాది కిందికెళ్ళి పోతున్నయి. నల్లమన్ను నానితె నిలవడ్తదా? అక్కను నేను తీస్కపోత."

"ఊరు దాటొద్దు. కొలను నిండింది గానీ దసరా దాకా ఆగమన్నాడు."

"ఎవడు?"

చెప్పాను. వాడు సిద్ధాంతిని అనరాని మాటలన్నాడు. నేను వాణ్ణి అనరాని మాటలన్నాను. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది నీ పని అని వాడు, ఎద్దు పుండు కాకికి ముద్దా అని నేను. ఇరుగుపొరుగు గోడల మీదికి తలలు వచ్చాయి.

హైమ గోడ పట్టుకుంటూ వచ్చి మా మధ్య నిలబడింది.

"అక్కా, కారెక్కు" అన్నాడు శ్రీనాథ్.

"మీ బావ గుడ వస్తడా?"

"మిల్లు ఎవరు చూస్తారు? నేను రాను" అన్నాను.

"అయితే నేను గుడ రాను తమ్మీ. పో. అన్నం తిని పో."

తినకుండానే వెళ్ళిపోయాడు. చూశావా, సొంత తమ్ముడు పిలిచినా పోలేదు. ఇప్పుడిప్పుడే ఆమెకూ ఈ గది మీద నమ్మకం కుదురుతోంది.

సెప్టెంబర్ 2

రాత్రుళ్ళు గోడ పలుకుతోందంటుంది హైమ. నేను ఆమె పక్కనే పడుకుంటున్నాను, నాకేం వినిపించడం లేదు.

సెప్టెంబర్ 3

వినిపించింది. బల్లి.

సెప్టెంబర్ 19

బల్లి కాదు.

అక్టోబర్ 14

దసరా. హైమ వంటింటి దాకా నడిచి పాయసం కలిపింది. ముఖం తేటగా ఉంది. ఇంక ఊరు దాటొచ్చు, కానీ ఇప్పుడు దాటాల్సిన అవసరమేముంది? బీట మీద క్యాలెండర్ చాలడం లేదని బీరువా జరిపించి అడ్డం పెట్టించాను. మంచం కాళ్ళ దగ్గర బండలు కొంచెం కిందికి దిగాయి. ఒక కాలి కింద ఇటుక ముక్క పెట్టాను. ఇప్పుడు ఊగడం లేదు.

అక్టోబర్ 23

నిన్నటి నుంచి వాన విడవడం లేదు.

అక్టోబర్ 24

అదే వాన. ఉదయం హైమ చెయ్యి పట్టుకుని అడిగింది. "ఇయ్యాల ఒక్క దినం మిల్లు బంద్ పెట్టుకోండ్రి. ఇద్దరం ఎదురింట్ల కూసుందాం" అన్నది. మిల్లు ఆవరణలో రైతుల వడ్లు రాశులు పోసి ఉన్నాయి. టార్పాలిన్లు కప్పించకపోతే మొలకలొస్తాయి. సాయంత్రం చూద్దాం అన్నాను.

చూద్దాం అన్నాను.

అక్టోబర్ 27, సూర్యాపేట

రెండు రోజులు పెన్ను పట్టుకోలేదు. చేతి గోళ్ళు ఊడిపోయి కట్లు కట్టారు. అక్షరాలు వంకర పోతున్నాయి.

శుక్రవారం పొద్దున టార్పాలిన్ల మీద రాళ్ళు పెట్టిస్తుంటే నాగరాణి ఫోన్ చేసింది. "సేట్, మీ వెనక గోడ గుంతల వడ్డది" అన్నది. హైమ, హైమ అని అరిచాను. వాన హోరులో ఏమీ వినపడలేదు, లైను తెగిపోయింది. బండి మీద వస్తూనే గేమ్యాకు ఫోన్ చేసి జేసీబీ తెమ్మన్నాను. వాడు ఆ పక్క వీధిలోనే ఉన్నాడు.

ఇంట్లోకి పోలేదు. ఆ ఆలోచనే రాలేదు. సందులోంచి మోకాలి లోతు నీళ్ళలో నేరుగా పెరట్లోకి పరుగెత్తాను. వెనక గది లేదు. గోడ మొత్తం కొలనులోకి పోయింది. దాని వెంట బీరువా, బండలు, కప్పులో సగం. విరిగిన కప్పు కింద మంచం కోడు ఒకటి కనిపించింది.

దిగాను. మెడ దాకా బురద. చేతికి ఏది తగిలితే అది లాగాను. హైమా అంటున్నాను, వస్తున్నానంటున్నాను. చెంబు దొరికింది. నేను కొలిచి నీళ్ళిచ్చే చెంబు.

గేమ్యా మిషన్ తెచ్చి బకెట్ ఎత్తాడు. ఆ బకెట్ పళ్ళు కప్పు పెళ్ళ మీదికి దిగుతుంటే నాకు మతి పోయింది. "ఆపురా! తగుల్తది! ఆమెకు తగుల్తది!" అని అరిచి బకెట్‌కు అడ్డం పడ్డాను. వాడు భయపడి మిషన్ ఆపేశాడు. పాటలు లేవు ఈసారి. నేను మళ్ళీ చేతులతోనే మొదలుపెట్టాను.

వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఎవరి కోసం తవ్వుతున్నరు?"

గోనెసంచి కప్పుకుని, ఒక పక్క నాంచారమ్మ, ఒక పక్క నాగరాణి పట్టుకుని ఉండగా, హైమ సందు చివర నిలబడి ఉంది.

"నేను గీడున్న. బయటికి రాండ్రి" అన్నది. ఎదురింట్లోంచి నడిచొచ్చిన ఆయాసం. ఆ ఆయాసం వింటూ బురదలోనే కూలబడి ఏడ్చాను.

అక్టోబర్ 28

ఇక్కడి డాక్టరు చూశాడు. గుండె ముందుకంటే బాగానే పనిచేస్తోందట. కొత్త మాత్ర బాగా పడింది, అదే కొనసాగించండి అన్నాడు. శ్రీనాథ్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. వేడినీళ్ళు పెట్టి, వాడి పంచె ఇచ్చాడు. తిట్టినా బాగుండేది.

సిద్ధాంతి ఫోన్ చేశాడు. ప్రాణగండం గోడతో పోయింది, గంగమ్మే అడ్డుపడిందండీ అన్నాడు. ఏప్రిల్లో అయితే చేతులు జోడించేవాణ్ణి. ఫోన్ పెట్టేసి గేమ్యాకు చేశాను. నైరుతి గుట్ట మట్టంతా తీసి ఆ గుంత పూడ్చమన్నాను. గుంత అనే అన్నాను.

అక్టోబర్ 29

పొద్దున నాంచారమ్మ బట్టలు తీసుకుని బస్సులో వచ్చింది. ఆమె వల్ల తెలిసింది. మే నెల నుంచీ ఇదే వరస అట. నా బండి మలుపు తిరగగానే హాల్లో చాప పరిచేవాళ్ళు. పగలంతా హైమ హాల్లోనే. నేను వచ్చే వేళకు మళ్ళీ వెనక గదిలోకి చేరేది. ఆ రోజు మోటారు కాలి నేను ముందే వచ్చినప్పుడు పరుగులాంటి నడకతో వెళ్ళి మంచం ఎక్కిందట. శుక్రవారం గోడ పడేటప్పటికి కూడా హాల్లోనే ఉంది. నాంచారమ్మ ఆమెను ఎత్తుకున్నట్టే ఎదురింటికి తీసుకుపోయింది.

హైమ పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం ఎండ మంచం మీద పడుతోంది. చాలా రోజుల తరువాత ఎండ.

"అయితే ఆ నీళ్ళ గాలి నీకు తగలనే లేదన్నమాట."

"లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎట్ల చెప్పాలె? గుంతల నీళ్ళొచ్చిన దినం మీ మొకం మీరు సూసుకోలే, నేను సూసిన. డాక్టరు కాడికెళ్ళి వచ్చినప్పటి సంది మీరు అన్నం సరిగ తినకపోతిరి. ఆ దినం రెండుసార్లు పెట్టించుకొని తిన్నరు. జబ్బు నాది, సచ్చేది మీరన్న లెక్క అయిపోతిరి."

మళ్ళీ అడిగాను. "మరి రాత్రిళ్ళు? రాత్రి కూడా హాల్లో పడుకుంటానని మొండికేస్తే నేనేం చేసేవాణ్ణి? ఆ గోడ కింద అన్ని రాత్రులు పడుకున్నావే, భయం కాలేదా?"

"ఎందుకు కాలే? అయింది. నిద్ర వట్టకపోతుండె."

"మరి?"

విసుగ్గా చూసింది, ఎన్నిసార్లు చెప్పినా ఎక్కాలు రాని పిల్లాడి వంక చూసినట్టు.

"మీరు గాడ్నే పండుకుంటిరి గద. పగటీలి మిల్లుల ఉంటరు, నాకు రంది లేదు. రాత్రి మిమ్ముల ఒక్కల్ని ఆ గోడ కింద ఇడిసిపెట్టి నేనొచ్చి హాల్ల ఎట్ల పండుకుందు?"

ఆ మాట అని గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకుంది. నేను ఆమె మంచం పక్కన కింద కూర్చుండిపోయాను.